ఉత్తర ద్వారం నుంచి నల్లమల లోపలికి

మా కల్వకుర్తిలో జడ్చర్లకు, దేవరకొండకు, హైదరాబాదుకు, శ్రీశైలానికి పోయే దారులు కలుస్తాయి. శివరాత్రి దగ్గర పడుతుంటే వీటిలో శ్రీశైలం రోడ్డు తీరే మారిపోతుంది. శివదీక్ష తీసుకున్నవాళ్లు నెత్తిన ఇరుముడితో, చాలామంది కాళ్లకు చెప్పుల్లేకుండా, గుంపులు గుంపులుగా దక్షిణానికి నడుస్తారు. ఊళ్లవాళ్లు రోడ్డు పక్కన టెంట్లు వేసి మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు. ఇప్పటి తారు రోడ్డు మన్ననూర్ ఘాటు ఎక్కి అడవిలోకి పోతుంది. దానికంటే ఎంతో పాతదైన యాత్రికుల దారి అచ్చంపేట మండలం రంగాపూర్ దగ్గరి కొండ మీదుగా ఎక్కేది. ఆ కొండ ఉమామహేశ్వరం. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం ద్వారాలైతే ఉత్తర ద్వారం ఇదే. కార్తీకమాసంలో, వానలు వెనకబట్టి వాగుల్లో ఇంకా నీళ్లున్న రోజుల్లో, ఆ ద్వారం గుండా అడవిలోకి నడవాలని బయల్దేరాం.

కల్వకుర్తి దాటగానే మా పాలమూరు నేల ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంటుంది. ఎర్ర చెలకలు, పత్తి చేన్లు, మధ్యమధ్యన ఎవరో పేర్చి పెట్టినట్టుండే గుండ్లు. వంగూరు గేటు దాటాక డిండి వాగు వస్తుంది. నిజాం పాలన చివరి రోజుల్లో, 1940లలో, ఈ వాగుకు అడ్డంగా కట్టిన జలాశయం రోడ్డు మీది నుంచే కనబడుతుంది. కట్ట మీద చేపలు వేయించి అమ్మేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు. అక్కడ మేం ఎక్కువసేపు ఆగలేదు. అచ్చంపేట వైపు తిరిగాక రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొండల కాయలు, గుట్టల కాయలు అని వేరువేరుగా చెప్పి అమ్ముతారు. కొండకాయ చిన్నది, గింజలు ఎక్కువ, తీపి మాత్రం అంతకంత ఎక్కువ.

అచ్చంపేట దాటాక దక్షిణం వైపు చూస్తే ఒక గీత గీసినట్టు కొండల వరుస లేస్తుంది. మా వైపు గుట్టలకు గుండ్రటి తలలుంటాయి. వీటికి తలలు లేవు. పైన చదును, కింద నిలువు. దగ్గరికి పోయినకొద్దీ ఆ నిలువు గోడలో అడ్డంగా పొరలు కనబడతాయి. ఈ తేడాకు కారణం తెలిసి నడిస్తే ఆ కొండ మీద చూసే ప్రతిదానికీ అర్థం మారుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండ నేల అంతా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఆ గ్రానైటు అరిగి, దాని మీద ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి రాయిగా మారింది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు. అమ్రాబాద్ పీఠభూమికి టోపీ ఈ రాయే. ఇది గట్టి రాయే అయినా నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. పైన అడవిలో పడ్డ వాన ఆ పగుళ్లలోకి దిగుతుంది, అడుగున దారి దొరకనిచోట పక్కకు తిరిగి కొండ అంచున ఊటగా బయటికొస్తుంది. వాన వెలిసి నెలలు గడిచినా ఆ ఊట ఆగదు. అందుకే ఈ అంచు పొడవునా నీళ్లు, నీళ్లున్నచోట దేవుడు, దేవుడున్నచోట రాజులు వేయించిన రాళ్లు.

కొండ కింద భోగమహేశ్వరం ఉంది. కోనేరు, పాత గుడి, చుట్టూ పెద్ద చెట్లు. పైకి పోయేవాళ్లు ఇక్కడ కాళ్లు కడుక్కుని మొక్కి కదులుతారు. పైదాకా ఇప్పుడు ఘాటు రోడ్డుంది, బండ్లన్నీ దాని మీదే పోతాయి. మేం నడిచాం. ఎండ అప్పుడే ముదురుతోంది. చెట్ల నీడ అందీ అందకుండా ఉంది. మోదుగ, పాలకొడిసె, చిరుమాను దాటి కొంత ఎక్కాక రాతి మీదే వేళ్లు పారించి నిలబడ్డ తపసి చెట్లు కనబడ్డాయి. తెల్లటి మాను, కాగితంలా లేచే బెరడు. దీని జిగురు ఈ అడవిలో బతికే చెంచులకు ఆదాయం. గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో తపసి బంక ముఖ్యమైనది. మానుకు లోతుగా గాటు పెడితే చెట్టు చస్తుంది. ఎంత లోతు పెట్టాలో తెలిసినవాడి చేతిలోనే చెట్టూ బతుకుతుంది, ఇల్లూ గడుస్తుంది.

గుడి దగ్గరికి చేరేసరికి గాలి మారింది. కొండ చరియ గుడి మీదికి ముందుకు వంగి ఉంటుంది. దాని కింద పొడవాటి అరుగులా రాతి అంచు, ఆ అంచు మీదే నడక. పొద్దు ఎంత ఎక్కినా ఎండ ఇక్కడ పడదు. అందుకే మా వైపు దీన్ని పేదల ఊటీ అంటారు. ఉమామహేశ్వరుడి గుడి చిన్నది, చరియలో ఇమిడిపోయి ఉంటుంది. దాటి ముందుకు పోతే పాపనాశనం. రాతి పొరల సందులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా, సన్నటి ధారగా దిగుతుంటాయి. ఒక ముసలామె దోసిలి పట్టి నిండేదాకా కదలకుండా నిలబడింది. నిండాక సగం తాగి, సగం మనవడి తల మీద పోసింది. కరువు ఏళ్లలో మా చెలకల్లో బోర్లన్నీ ఎండినా ఈ చుక్క ఆగలేదని చెప్పింది. పాలమూరు కూలీలుగా బొంబాయికి, ఎక్కడెక్కడికో డ్యాములు కట్టడానికి పోయిన తరం ఆమెది. నీళ్ల కోసం అంత దూరం పోయి ఇతరుల నేలలు తడిపి వచ్చినవాళ్లు ఈ చుక్కకు ఎందుకు మొక్కుతారో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ గుడి చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టుకున్న కాలం 14వ శతాబ్దం. 1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుడి దగ్గర నాయంకరులుగా ఉన్నవాళ్లు ఎవరికి వాళ్లు రాజులయ్యారు. కృష్ణకు ఈ పక్క రాచకొండ, దేవరకొండలలో రేచర్ల పద్మనాయకులు, ఆ పక్క అద్దంకి, కొండవీడులలో రెడ్లు. రెండు వంశాలకూ తరాల పాటు పగ. కత్తి దించింది తక్కువ. అయినా దేవుడు ఒక్కడే. రెడ్డి రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి తన వైపు నుంచి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఆ తరవాత అనవేమారెడ్డి శ్రీశైలం గుడిలో వీరశిరోమండపం కట్టించాడు. ఈ పక్క నుంచి పద్మనాయకులు ఉత్తర ద్వారానికి సోపానాలు వేయించారు. దేవరకొండ శాఖకు మూలపురుషుడైన మాదానాయకుడి శాసనం ఉమామహేశ్వరంలోనిదే. కల్వకుర్తి నుంచి తూర్పుకు పోతే దేవరకొండ కోట, దక్షిణానికి వస్తే ఆ కోట దొర వేయించిన రాయి. ఒకరి మీదికొకరు సైన్యాలు నడిపిన ఇద్దరు దొరలు ఒకే కొండకు రెండు వైపుల నుంచి మెట్లు కట్టడం వింతగా అనిపించవచ్చు గానీ, నాకైతే అది సహజంగానే తోచింది. యాత్రికుడు నడిచే దారి ఎవరి చేతిలో ఉంటే ఆ నేల వాళ్లదని జనం అనుకుంటారు. మెట్టు వేయడం భక్తే, ఏలుబడి చాటుకోవడం కూడా.

వీళ్లకంటే ముందే ఈ దారిలో జనం నడిచారు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణం అని ఒక భాగమంతా శ్రీశైల యాత్రకే ఇచ్చాడు. కొండ ఎక్కే భక్తుల తీరు, అక్కడి చెట్లు, తీర్థాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాలపు యాత్రికులు ఈ ఉత్తర అంచు ఎక్కి, అమ్రాబాద్ అడవిని అడ్డంగా దాటి, చంద్రగుప్త పట్నం దగ్గర కృష్ణ ఒడ్డుకు దిగేవాళ్లు. ఏరు దాటితే పాతాళగంగ, మెట్లు ఎక్కితే మల్లన్న. నది మీద శ్రీశైలం డ్యాం వచ్చాక ఆ రేవుల తీరు పోయింది. దారి మధ్యలో అడవి మాత్రం అట్లాగే ఉంది.

ఉమామహేశ్వరం పై నుంచి మన్ననూర్ వైపు అడవిలో నడవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, వాళ్లు పంపిన మనిషి వెంట ఉండాలి. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఒకప్పుడు కృష్ణకు రెండు ఒడ్డులూ కలిసి నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంగా ఉండేది, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. రాష్ట్రం విడిపోయాక ఉత్తరం ఒడ్డు తెలంగాణకు వచ్చి, 2015లో అమ్రాబాద్ పేరుతో వేరైంది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ప్రాంతం. మా వెంట వచ్చినాయన చెంచు, బేస్ క్యాంపులో వాచర్. వయసు యాభై దాటి ఉంటుంది. నడుముకు చిన్న కత్తి, భుజాన నీళ్ల సీసా. ఆయన మమ్మల్ని సారూ అన్నాడు, మేం అన్నా అని పిలిచాం.

మొదట్లో మేం మాట్లాడుతూ నడుస్తున్నాం. కాసేపటికి ఆయన చేయెత్తి ఆపాడు. పక్కన పుట్ట ఒకటి సగానికి తవ్వి ఉంది, మన్ను ఇంకా తడిగా ఉంది.

“గుడ్డేలుగు. రాత్రి వచ్చిపోయింది. ఇగ మాట తగ్గించుండ్రి సారూ. పులి మనను చూసి పక్కకు పోతది. ఎలుగుకు ఆ బుద్ధి లేదు.”

అక్కడి నుంచి మాట తగ్గింది. ఆకుల మీద అడుగుల చప్పుడు, ఎక్కడో నెమలి కూత. నల్లమద్ది, పెద్దేగి, తునికి, ఇప్ప, మోరి, వెదురు. గడ్డి నడుము ఎత్తున పెరిగి ఎండడం మొదలుపెట్టింది. ఒక పెద్ద చెట్టు కొమ్మల్లో గూడులాంటిది చూపించాడు. బెట్టుడుత గూడట. మామూలు ఉడుత కంటే ఎన్నో రెట్లు పెద్దది, ఎర్రటి గోధుమ రంగు వీపు. అది నేలకు దిగడం అరుదు, చెట్టు నుంచి చెట్టుకు దూకుతూ బతుకుతుంది. అంటే కొమ్మకు కొమ్మ అందే అడవి ఉంటేనే అది ఉంటుంది. కొంత దూరం పోయాక కింద రాతిలో ఒక గుంట, అందులో పచ్చగా నీళ్లు. దీన్ని దొన అంటారు. చుట్టూ బురదలో డెక్కల అచ్చులు. కణుజువని చెప్పాడు. వాటి మీద చిన్న డెక్కలు దుప్పివి. పులి అడుగు మాకు ఎక్కడా కనబడలేదు.

దొన దగ్గర కూర్చున్నప్పుడు తేనె మాట వచ్చింది. చరియ మీద పట్టు ఉంటే పైన చెట్టుకు తాడు కట్టి, దాన్ని పట్టుకుని మనిషి కిందికి దిగాలి. కింద లోయ. ఆ తాడు దగ్గర ఎవరిని నిలబెడతారో అడిగాను.

“బామ్మర్దిని. ఇంకెవ్వర్ని నమ్మం. వాళ్ల అక్క బతుకు ఆ తాడుకే ఉన్నది గద సారూ.”

ఉడతల, మండ్లి, తోకల, నిమ్మల, చిగుర్ల, దాసరి అని చెంచుల ఇంటిపేర్లు చెబుతూ పోయాడు. ఒకే ఇంటిపేరులో పెళ్లి ఉండదు. ఎవరి గట్టు ఎవరిది, ఏ పట్టు ఏ ఇంటివాళ్లు తీయాలి అన్నదీ ఇంటిపేర్లతోనే నడిచేదట. కాగితం లేని ఈ పట్టా ఎన్ని తరాలదో ఎవరు లెక్క కట్టగలరు?

ప్రతాపరుద్రుడి కోట అని పిలిచే గోడ మన్ననూర్ దగ్గరి కొండ అంచున ఉంది. అడవిలో నడుస్తుంటే గోడ ముందుగా కనబడదు. రాళ్ల కుప్ప అనుకుంటాం, తరవాత ఆ కుప్ప వరుసగా పోతోందని తెలుస్తుంది. పెద్ద పెద్ద రాళ్లను ఒకదాని మీద ఒకటి ఎక్కించిన గోడ. కొన్నిచోట్ల మనిషి ఎత్తుకు పైగా నిలిచి ఉంది, కొన్నిచోట్ల చెట్ల వేళ్లు లోపలికి చొచ్చి దొర్లించేశాయి. ఈ అడవి లోపల అంత బరువు రాళ్లను మోసి, ఎత్తి, పేర్చినవాళ్లు ఎంతమందో, వాళ్లను ఎక్కడి నుంచి తెచ్చారో. కింద మైదానం ఇక్కడి నుంచి బాగా కనబడుతుంది. అచ్చంపేట వైపు చేన్లు, చెరువుల మెరుపు, దూరంగా మా వైపు గుండ్ల గుట్టలు. ఉత్తరం నుంచి వచ్చే సైన్యాన్ని ఒక పూట ముందే చూడవచ్చు. కోట ఇక్కడ ఎందుకు కట్టారో తెలియడానికి ఆ అంచున నిలబడితే చాలు.

కోట గురించి మా వెంట వచ్చిన చెంచు అన్నకు ఏం తెలుసో అడిగాను. ఆయన గోడ వైపు పెద్దగా చూడలేదు.

“రాజు కట్టిండంటరు. ఎవరో మాకెరుక లేదు. గోడకు ఆ పక్క ఊట ఉన్నది, అది మా తాతలకు ఎరుక. ఊట లేకుంటే రాజు ఈడికెందుకొస్తడు సారూ?”

ఆ మాట విన్నాక కోటను మళ్లీ చుట్టి చూశాను. నేను పుస్తకాల్లో చదివి వచ్చిన వరుస వేరు: కాకతీయులు, పద్మనాయకులు, విజయనగరం, గోల్కొండ, నిజాం. ఆయన వరుసలో ఊట ముందు, రాజులు తరవాత. ఈ అడవిలో నిలిచిన ప్రతి పాత కట్టడం వెనక నీళ్లున్నాయి, ఆ నీళ్లు ఎక్కడున్నాయో మొదట తెలిసినవాళ్లు చెంచులు. శాసనాల్లో దాతల పేర్లున్నాయి. దారి చూపినవాళ్ల పేర్లు ఎక్కడా చెక్కలేదు. నల్లమల చరిత్ర రాసేవాళ్లు ఇంతవరకు రాళ్ల దగ్గర మొదలుపెట్టారు. నీళ్ల దగ్గర మొదలుపెట్టి, వాటికి పేర్లు పెట్టిన మనుషుల్ని అడిగి రాయాల్సిన చరిత్ర ఇది.

మరుసటి పొద్దున మన్ననూర్ నుంచి అటవీశాఖ జీపులో ఫరహాబాద్ పోయాం. నడక అక్కడ కుదరదు, కోర్ ప్రాంతం. నిజాం ప్రభువులు వేటకు, ఎండాకాలం విడిదికి వచ్చిన చోటు ఇది. వాళ్ల వేట బంగళా గోడలు పైకప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. పాలమూరుకు తన పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటకు పెట్టింది పేరు. ఆ రాజ్యంలో పులిని చంపడం దొరతనానికి గుర్తు, ఇప్పుడు అదే అడవిలో పులి అడుగును కొలిచి, కెమెరాలో చారలు లెక్కబెట్టి కాపాడుతున్నారు. వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే లోయంతా అడవే. హైదరాబాద్ జూలో పెంచిన మూషిక జింకలను తెచ్చి వదిలింది ఈ అడవిలోనే. కుందేలంత ఉంటుంది ఆ జింక, పగలంతా పొదల్లో దాగి ఉంటుంది.

నిజాం కాలపు వేటగాళ్ల కంటే ఇక్కడికి వచ్చిన మరొకాయన నాకు ముఖ్యం. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్లు ఆయన్ను హైదరాబాద్ రాజ్యం దాటి పోనివ్వలేదు. అట్లా చిక్కుకుపోయిన మనిషి 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, భార్య బెట్టీతో కలిసి మకాం వేశాడు. 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చయింది. ఎవరు ఏ గడ్డలు తవ్వుతారు, ఏ నెలలో ఎక్కడికి కదులుతారు, గుడిసె ఎట్లా కడతారు, ఎవరు ఎవరికి చుట్టం అన్నీ ఓపిగ్గా రాశాడు. చెంచుల కోసం వేరుగా అడవి కేటాయించాలన్న ఆయన మాటను నిజాం సర్కారు కొంతవరకు విన్నది కూడా. మన నేల మీద మనవాళ్లకు అంతకు ముందు పట్టని పని ఒక పరదేశి చేసిపోయాడు. ఎనభై ఏళ్లు దాటినా తెలుగులో అంత శ్రద్ధగా చెంచుల స్థలాల పేర్లన్నీ ఎక్కించిన పటం నా చేతికి రాలేదు.

ఆ పెంటల్లో చాలా వరకు ఇప్పటికీ ఉన్నాయి. అప్పాపూర్, రాంపూర్, భౌరాపూర్, సార్లపల్లి, కుడిచింతలబైలు, మేడిమల్కల. కోర్ ప్రాంతం నుంచి బయటికి వచ్చే కుటుంబానికి పులుల సంరక్షణ సంస్థ లెక్క ప్రకారం 15 లక్షల రూపాయలు, లేదా పునరావాసం. 2021కి ముందు ఇది 10 లక్షలుండేది. చట్టం ప్రకారం ఎవరినీ బలవంతంగా కదిలించకూడదు, వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కులు ముందు తేల్చాలి. పులికి అలికిడి లేని చోటు కావాలన్నది నిజం. లోపల బడి, దవాఖాన లేక పిల్లల కోసం బయటికి రావాలనుకునే కుటుంబాలూ ఉన్నాయి, వాళ్ల కోరికను తక్కువ చేయకూడదు. మా వెంట వచ్చినాయన చుట్టాలు లోపలి పెంటల్లో ఉన్నారు. ఆయన మాట ఇది:

“పైసలు తీసుకుని బయటికొస్తే మేం కూలోళ్లం. ఈడ నాకు ఏ చెట్టు ఎప్పుడు కాస్తదో ఎరుక, ఎండకాలం నీళ్లు ఏడుంటయో ఎరుక. ఆడ నాకేం ఎరుక సారూ?”

నా మట్టుకు నేను ఆయన పక్షం. అడవిలో నిప్పంటుకుంటే ముందు పరుగెత్తేది చెంచు వాచర్లే. పులి జాడ తీసేదీ వాళ్లే. ఆ ఎరుకను డబ్బు కట్టి బయటికి పంపేస్తే అడవి కాపలాకు మిగిలేది కెమెరాలూ గేట్లే. ఉండాలనుకున్నవాళ్లకు లోపలే బడి, వైద్యం చేర్చడం సర్కారుకు అసాధ్యం కాదు.

కొండ రాయి గురించి పైన చెప్పిన మాటకు మరో కొస ఉంది. గ్రానైటూ క్వార్ట్‌జైటూ కలిసే ఆ అంచునే యురేనియం పేరుకుని ఉంటుంది. నల్గొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాలలో దొరికింది ఈ కలయిక దగ్గరే. అదే ఆశతో అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో సుమారు 4 వేల బోర్లు వేసి వెతకాలన్న ప్రతిపాదనకు 2019లో ఢిల్లీలో ప్రాథమిక ఆమోదం దొరికింది. అచ్చంపేట, అమ్రాబాద్ జనం రోడ్డెక్కారు. చెంచులు, రైతులు, కవులు, సినిమావాళ్లు, అన్ని పార్టీలవాళ్లు కలిశారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. రాయిలో బోరు వేస్తే పగుళ్లు కలుస్తాయి, నీటి దారి మారుతుంది. పాపనాశనం దగ్గర దోసిలి పట్టిన ముసలామెకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు గానీ, ఆ చుక్క ఏ రాతి గుండా వస్తుందో తెలిసినవాళ్లెవరూ ఆ ప్రతిపాదనకు తల ఊపలేరు. కింద మా చెలకలకు పారే డిండి వాగునూ, కృష్ణనూ ఈ కొండలతో కలిపి చూడడం మా ప్రాంతంవాళ్లకు ఆ ఉద్యమం నేర్పింది.

సలేశ్వరం మాత్రం ఈ విడత మాకు కుదరలేదు. అడవి లోపల లోతైన లోయ, ఎత్తు నుంచి దూకే నీళ్లు, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. ఏడాదిలో చైత్ర పౌర్ణమి రోజుల్లో మాత్రమే జనాన్ని పోనిస్తారు. రాళ్లబాటలో లోయలోకి దిగేటప్పుడు వస్తున్నామని లింగమయ్యకు కేక వేస్తూ దిగుతారు, ఎక్కేటప్పుడు పోయొస్తామని చెప్పుకుంటూ ఎక్కుతారు. మా ఇండ్లలో పెద్దవాళ్లందరి నోటా ఆ యాత్ర కథలు విన్నాం. ఎండకు కాళ్లు కాలిన కథలు, ఒకరి చేయి ఒకరు పట్టుకుని బండ దిగిన కథలు.

పోదామనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఉమామహేశ్వరానికి ఏడాది పొడవునా పోవచ్చు. సంక్రాంతి అప్పుడు బ్రహ్మోత్సవాలు, రద్దీ ఎక్కువ. అడవి లోపలికి వానకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, అనుమతి ఉండదు. అక్టోబరు నుంచి మన్ననూర్‌లో సఫారీ, రాత్రి బస, వాచర్ వెంట నడక అటవీశాఖే ఏర్పాటు చేస్తుంది, ముందుగా నమోదు చేసుకోవాలి. శ్రీశైలం రోడ్డు మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటలకు మూసి పొద్దున 6 గంటలకు తెరుస్తారు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు లోపలికి తీసుకుపోవద్దు, కోతులకు ఏమీ పెట్టొద్దు. వెంట వచ్చే చెంచు మనిషిని మీరు చూసిన ప్రతి దొన పేరు, ప్రతి ఊట పేరు అడిగి నోటు బుక్కులో రాసుకోండి. మేం రాసుకున్నవి ఒక పేజీ నిండాయి. ఎవరి దగ్గరైనా ఇంకో పేజీ ఉంటే రెండూ కలిపి అమ్రాబాద్ బడి పిల్లలకు పటం గీయించాలని ఉంది.